ఎవరి రాత వారిది

‘వేయిపడగలు’ విశ్వనాథ సత్యనారాయణ నవలే. దాన్ని కాగితం మీద పెట్టిన చెయ్యి మాత్రం ఆయనది కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెట్టింది. అన్నగారు చెబుతూ పోయారు, తమ్ముడు వెంకటేశ్వర్లు రాస్తూ పోయారు. 29 రోజుల్లో 999 అరఠావులు నిండాయని సాహిత్యలోకం నేటికీ చెప్పుకుంటుంది. 1934 నాటి ఆ పోటీలో బహుమతిని ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ చెరిసగం పంచుకున్నాయి. లెక్క వేస్తే రోజుకు 34 అరఠావులు పైమాటే. చేత్తో రాసే అలవాటున్నవాళ్ళకు తెలుస్తుంది, అంత రాస్తే మణికట్టు ఏమవుతుందో. కీర్తి అన్నగారికి దక్కింది, నొప్పి తమ్ముడు పడ్డాడు.

రచయితలు ఎదురుపడితే పాఠకులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘‘మీరు ఎప్పుడు రాస్తారండీ, ఎలా రాస్తారు?’’ జవాబులు తమాషాగా ఉంటాయి. ఒకాయన నిలబడి రాస్తాడు, ఇంకొకాయన మంచం మీద పడుకుని రాస్తాడు. ఒకావిడకు హోటల్ గదే కావాలి. ఇవన్నీ మేధావుల చాదస్తాలన్నట్టు ప్రచారమవుతాయి. కాస్త దగ్గరగా చూస్తే ఆ చాదస్తం వెనకాల చాలాసార్లు ఒక ఉద్యోగమో, ఒక అప్పో, నొప్పెట్టే చెయ్యో, దొరకని కాగితమో కనిపిస్తుంది.

తెలుగువాళ్ళ సంగతే తీసుకుంటే, మనకు పద్యం కట్టడం వేరు, రాయడం వేరు. తాటాకు మీద గంటంతో రాసిన కాలంలో ఈ రెండూ ఒకే మనిషి చెయ్యాలన్న నియమమేమీ లేదు. ఆకును ఎడమచేత్తో పట్టుకుని, ఎడమ బొటనవేలి ఆసరాతో ఇనుప గంటాన్ని నడిపిస్తూ అక్షరాన్ని గీరాలి. గీరినంతసేపూ అది సరిగ్గా కనపడదు. తరవాత మసో, ఆకుపసరో పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. కొట్టివేతలకు, దిద్దుబాట్లకు తావు తక్కువ. అలాంటి ఆకు ముందు కూర్చుని ఏ పదం వేద్దామా అని తటపటాయించడం కుదిరే పని కాదు. పద్యం ముందు నోట్లో తయారవ్వాలి. యతి, ప్రాస, గణాలు అందుకు సాయపడతాయి. ఛందస్సు చెవికి ఎంత ఇంపో, జ్ఞాపకానికి అంత ఆసరా.

అందుకే మన కథల్లో కవి పక్కన ఎప్పుడూ ఒక లేఖకుడు ఉంటాడు. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడని, మధ్యలో ఆపకూడదని వినాయకుడూ, అర్థం తెలుసుకోకుండా రాయకూడదని వ్యాసుడూ షరతులు పెట్టుకున్నారని చిన్నప్పుడే వింటాం. మహాభారత పాఠాన్ని పరిష్కరించిన భండార్కర్ సంస్థ పండితులు ఆ ఘట్టాన్ని మూలంలో ఉంచకుండా అనుబంధంలోకి తీసేశారు. అయినా జనం నోట అది నిలిచే ఉంది. నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కనకు కుమ్మరి గురునాథుడు లేఖకుడట. మాట తడుముకోకుండా చెబుతానన్న కవికి యుద్ధఘట్టంలో ఒకచోట ఏమీ తోచలేదు. ‘ఏం చెప్పనయ్యా’ అంటూ లేఖకుడి వైపు తిరిగాడు. అన్న ఆ మాటే పద్యంలో ఒదిగిపోయింది. గురునాథుడు గంటం ఆపలేదు! జరిగిందో లేదో గాని, చెప్పే మనిషికీ రాసే మనిషికీ మధ్య ఉండే లంకె తెలిసినవాళ్ళే ఇలాంటి కథ కట్టగలరు.

నోటితోనే పద్యం కట్టే ఈ విద్యకు పరాకాష్ఠ అవధానం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఇంకొకరు దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరి పట్టినాయన అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతుంటాడు, అప్రస్తుతప్రసంగం చేసేవాడు అర్థంలేని ప్రశ్నలతో తల తినేస్తుంటాడు. అవధాని ఒక్కో విడతకు ఒక్కో పాదం చెప్పుకుంటూ వచ్చి, నాలుగు విడతలయ్యాక అన్ని పద్యాలనూ మొదటినుంచీ ధారణ చెయ్యాలి. చేతిలో కాగితం ముక్క ఉండదు. తిరుపతి వేంకట కవులు దీన్ని ఊరూరా ప్రచారం చేశారు. ఆ జంటలోని చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి బందరు హైస్కూల్లో తెలుగు పంతులుగా ఉన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్లల్లో విశ్వనాథ ఒకరు. ఆ గురువు దగ్గర చదువుకున్న మనిషి ఓ పెద్ద నవలను నోటితో చెప్పుకుపోయాడంటే ఆశ్చర్యపడాల్సిందేముంది? పద్యానికి అలవాటైన పద్ధతిని ఆయన వచనానికి తెచ్చారు, అంతే. ‘వేయిపడగలు’ వాక్యాల్లో వినిపించే ఆ ఉపన్యాస ధోరణి అక్కడిదేనేమో.

చెప్పి రాయించడం పడమటి దేశాల్లోనూ ఉంది. అక్కడ మాత్రం ఎక్కువగా అవసరంకొద్దీ వచ్చింది. రష్యన్ నవలాకారుడు దస్తయెవ్‌స్కీ కథ అందులో మరీ గొప్పది. అప్పుల్లో నిండా మునిగి ఉన్న ఆయన స్టెలోవ్‌స్కీ అనే ప్రచురణకర్తతో ఒక దిక్కుమాలిన ఒప్పందం చేసుకున్నాడు. 1866 నవంబరు 1 నాటికి కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్ళపాటు ఆయన ఏం రాసినా పైసా ఇవ్వకుండా అచ్చేసుకునే హక్కు ఆ ప్రచురణకర్తది. అక్టోబరు వచ్చింది. నవల ఒక్క పేజీ కూడా లేదు. స్నేహితులు షార్ట్‌హ్యాండ్ తెలిసిన ఒకరిని పెట్టుకోమన్నారు. అలా వచ్చింది ఆన్నా గ్రిగోర్యెవ్నా. ఇరవై ఏళ్ళ పిల్ల, అప్పుడప్పుడే షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటోంది.

పని ఒక పద్ధతిలో పడడానికి కొన్నాళ్ళు పట్టింది. రాత్రిళ్ళు ఆయన ముక్కలు ముక్కలుగా రాసిపెట్టుకునేవాడు. మధ్యాహ్నం ఆమె వస్తే గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవాడు. ఆమె ఇంటికెళ్ళి ఆ గీతలన్నిటినీ మామూలు అక్షరాల్లోకి ఎత్తి మర్నాడు తెచ్చేది, ఆయన దిద్దేవాడు. అక్టోబరు 4న మొదలెడితే ఆ నెలాఖరుకు ‘జూదరి’ పూర్తయింది. మొత్తం 26 రోజులు. తీరా ఇద్దామని వెళ్తే ప్రచురణకర్త కావాలనే ఊళ్ళో లేకుండా పోయాడు. రాతప్రతిని పోలీసు ఠాణాలో దాఖలు చేసి రసీదు పుచ్చుకోవాల్సి వచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో ఆయన ఆన్నాను పెళ్ళి చేసుకున్నాడు. ‘కరమజోవ్ సోదరులు’ దాకా ఆ తర్వాతి పెద్ద నవలలు ఆమె చేతి మీదుగా వచ్చినవే. ప్రపంచ సాహిత్య చరిత్రలో ఆన్నాకు భార్యగానే చోటిచ్చారు. ఆ నవలల తొలి పాఠకురాలిగా, లేఖకురాలిగా కూడా ఆమెకు చోటు ఉండాల్సింది.

జాన్ మిల్టన్‌కు 1652 నాటికి చూపు పూర్తిగా పోయింది. ‘పారడైజ్ లాస్ట్’ 1667లో అచ్చయింది. రాత్రంతా మనసులో పంక్తులు కట్టుకుని, తెల్లారాక రాసిపెట్టే మనిషి కోసం ఎదురు చూసేవాడు. ఆ మనిషి రావడం ఆలస్యమైతే, తనకు పాలు పితికే వేళ దాటిపోతోందని విసుక్కునేవాడట. అమెరికా నవలాకారుడు హెన్రీ జేమ్స్‌ది మణికట్టు నొప్పి. 1890ల చివర్లో టైపిస్టును పెట్టుకుని చెప్పడం మొదలెట్టాడు. రెమింగ్టన్ మిషను టకటకలకు ఎంత అలవాటు పడ్డాడంటే, అది చెడిపోయి రెండు వారాలు వేరే కంపెనీ మిషను పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ నిశ్శబ్దానికి మాట సాగక గింజుకున్నాడని ఆయన దగ్గర పనిచేసిన థియోడోరా బోసాంకే రాసింది. చివరి నవలల్లో ఆయన వాక్యాలు అంత పొడుగ్గా, వంకర్లు తిరుగుతూ సాగడానికి ఈ చెప్పే అలవాటే కారణమని విమర్శకులు చాలామంది అంటారు. చదివితే నమ్మాలనే అనిపిస్తుంది.

చెప్పి రాయించడానికి ఒక మనిషి కావాలి. ఆ యోగం లేనివాళ్ళకు గడియారమే గతి.

ఆంథొనీ ట్రోలోప్ ఇంగ్లండులో పోస్టల్ శాఖ అధికారి. వీధుల్లో ఉత్తరాల డబ్బాలు పెట్టించినవాళ్ళలో ఆయన ఒకడు. ఆఫీసు పని ఆఫీసు పనే. అందుకని తెల్లారుజామున ఐదున్నరకు రాతబల్ల ముందుండాలని నియమం పెట్టుకున్నాడు. లేపడానికి ఓ ముసలి నౌకరుకు ఏడాదికి ఐదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు, కాఫీ తెచ్చి లేపాలన్న షరతుతో. ముందు అరగంట నిన్న రాసింది చదువుకోవడం. ఆ తర్వాత గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాయడం. ఎనిమిదిన్నరకు లేచి టిఫిను, తర్వాత ఆఫీసు. ఏ రోజు ఎన్ని పేజీలు రాశాడో పుస్తకంలో గీతలు గీసి మరీ వేసుకునేవాడు. సున్నా పడిన రోజులు ఎదురుగా కనపడి సిగ్గు పుట్టించాలి కదా! పోస్టల్ పని మీద ఈజిప్టు వెళ్ళినప్పుడు ‘డాక్టర్ థోర్న్’ నవల ముగిసింది. మర్నాడే ఇంకో నవల మొదలెట్టాడు. ఆ లెక్కన 47 నవలలు.

ఇదంతా దాచుకోకుండా ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన పోయాక 1883లో అది అచ్చయింది. అంతవరకు ఆయన్ను మెచ్చుకున్నవాళ్ళు మొహం చిట్లించారు. కవిత్వమంటే ఆవేశమని, కళ అంటే ప్రేరణ అని నమ్మేవాళ్ళకు ఈ గుమాస్తా లెక్క రుచించలేదు. ఆ నవలలు మాత్రం నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా అచ్చవుతూనే ఉన్నాయి.

టోనీ మోరిసన్ సంగతీ అంతే. న్యూయార్క్‌లో ప్రచురణ సంస్థ ఎడిటర్‌గా ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు, పెంచేది తనొక్కతే. పిల్లలు లేవకముందు, చీకటి ఉండగానే లేచి పెన్సిలుతో పసుపు కాగితాల మీద రాసుకునేది. తర్వాత పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, నోబెల్ వచ్చింది, ఆ వేళ మాత్రం ఆమెకు అలాగే స్థిరపడిపోయింది. జేన్ ఆస్టిన్ ఇంకో నూట యాభై ఏళ్ళ ముందు మనిషి. ఆమెకు వేళా లేదు, గదీ లేదు. నలుగురూ తిరిగే హాల్లోనే చిన్న చిన్న కాగితాల మీద రాసుకుంటూ, ఎవరైనా వస్తే దాచేసేదని, కిర్రుమనే తలుపును బాగుచెయ్యనివ్వలేదని ఆమె మేనల్లుడు రాశాడు. పొయ్యి మీద పాలు, పక్కగదిలో అత్తగారు ఉండగా వారపత్రికలకు కథలు రాసిన తెలుగు రచయిత్రులకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

మన దగ్గర రాతనే నమ్ముకుని బతికినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మిగిలినవాళ్ళంతా ట్రోలోప్ బాపతే. ‘గాలివాన’ కథతో 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి కొట్టిన పాలగుమ్మి పద్మరాజు కాకినాడ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పారు. రావిశాస్త్రిగా పేరుపడ్డ రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖ కోర్టులో ప్లీడరు. ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు బడిపంతులు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా ‘చందమామ’ ఆఫీసులో పిల్లల కథలు దిద్దుతూనే, బయట పెద్దల కోసం నవలలు, కథలు, సినిమా వ్యాసాలు, సైన్సు వ్యాసాలు రాశారు. మొత్తం పదివేల పేజీలకు పైనే ఉంటుందని అంచనా. చందమామ భాషలోని ఆ నిరాడంబరత ఆయన పెద్దల కథల్లోనూ కనిపిస్తుంది. ఉద్యోగం రాతకు అడ్డమని రచయితలు వాపోతుంటారు గాని, రావిశాస్త్రి చేతి నుంచి కోర్టును తీసేస్తే ‘ఆరు సారా కథలు’ ఎక్కణ్ణుంచి వచ్చేవి?

హెమింగ్వేకు ఉద్యోగం లేదు. ఆయన తనకు తానే పై అధికారి. క్యూబాలోని ఇంట్లో పుస్తకాల బీరువా మీద కాగితాలు పెట్టుకుని నిలబడి పెన్సిలుతో రాసేవాడు. గోడకు ఆనించిన అట్టముక్క మీద రోజువారీ మాటల లెక్క ఉండేది. 1958లో ఇంటర్వ్యూ అచ్చేసిన జార్జి ప్లింప్టన్ ఆ అంకెలు కూడా ఎక్కించాడు. 450, 575, 462, 1250, మళ్ళీ 512. ఆ 1250 ఏమిటంటారా? మర్నాడు సముద్రం మీద చేపల వేటకెళ్ళాలి. మనసులో పీకులాట లేకుండా ఉండడానికి ముందురోజే ఎక్కువ రాసి పెట్టుకోవడం. ఆయన ఇంకో సూత్రం కూడా చెప్పాడు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసినచోటే ఆ పూటకు ఆపెయ్యాలి. అప్పుడు మర్నాడు కలం పట్టగానే దారి ఉంటుంది.

ఆగడానికీ ఒక నేర్పుందని మనవాళ్ళకూ తెలుసు. గజేంద్రమోక్షంలో వైకుంఠ వర్ణన దగ్గర పోతనకు పద్యం నడవలేదట. గంటం పక్కన పెట్టి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పద్యం పూర్తయి ఉంది. ‘‘ఇందాక మీరే వచ్చి రాసి వెళ్ళారు కదా నాన్నగారూ’’ అంది కూతురు. రాముడే వచ్చాడని భక్తుల నమ్మకం. ముడిపడ్డ వాక్యాన్ని వదిలేసి నడకకెళ్ళిన రచయితలు ఈ కథను ఇంకోలా నమ్ముతారు.

అలవాట్లకు కొదవేముంది. బాల్జాక్ అర్ధరాత్రి లేచి కాఫీ మీద కాఫీ తాగుతూ రాశాడు. హరుకి మురకామి నవల పట్టుకున్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఐదారు గంటలు రాసి, ఆ తర్వాత పది కిలోమీటర్లు పరిగెడతాడు, రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటాడు. మాయా ఏంజెలో ఊళ్ళోనే హోటల్ గది అద్దెకు తీసుకుని గోడల మీది బొమ్మలన్నీ తీయించేసేది. నబొకోవ్ మాత్రం ఆగి చూడదగ్గ మనిషి. ఆయన నవలను వరసగా రాయడు. చిన్న చిన్న అట్టకార్డుల మీద, పెన్సిలుతో, ఏ ఘట్టం ముందు తోస్తే అది రాసి, పేకముక్కల్లా కలిపి వరస మార్చుకుంటాడు. అమెరికాలో సీతాకోకచిలుకల వేటకు ఊళ్ళు పట్టుకు తిరిగేటప్పుడు కార్లోనే కూర్చుని ‘లోలిటా’ కార్డులు రాశాడు. ప్రయాణంలో ఉన్నవాడికి బల్ల దొరకదు, కార్డు దొరుకుతుంది. చివరి నవల 138 కార్డుల దగ్గర ఆగిపోయింది. తగలబెట్టమని చెప్పి పోయాడు. ఇంట్లోవాళ్ళకు చేతులు రాలేదు. ఆయన పోయిన ముప్పై రెండేళ్ళకు, 2009లో, కొడుకు ఆ కార్డుల్ని ఉన్నవున్నట్టు పుస్తకంగా వేశాడు.

తెలుగులో రాతను తరిమిన గడియారాలు రెండు. ఒకటి వారపత్రిక, రెండోది సినిమా. సీరియల్ రాసేవాళ్ళకు ముగింపు తెలిసి ఉండాలని లేదు, వచ్చే బుధవారానికి భాగం అందితే చాలు. పత్రికలు కూడా రచయితలకు రాత నేర్పాయి. కాగితానికి ఒకవైపే రాయాలి, ఎడమవైపు మార్జిన్ వదలాలి, సొంత రచనేనని హామీపత్రం జతచెయ్యాలి, తిప్పిపంపడానికి స్టాంపులంటించిన కవరు పెట్టాలి. ఒకవైపే రాయమన్నది కంపోజిటర్ కోసం. ఆ షరతుతో పెరిగిన తరం సొంత డైరీ కూడా ఒకవైపే రాసుకుంటుంది!

సినిమా పాటది ఇంకా గట్టి గొలుసు. ట్యూను ముందు వస్తుంది. సంగీత దర్శకుడు తననా తననా అంటూ పాడి ఇచ్చినదాంట్లో మాటలు పొదగాలి. కథలో సందర్భం, నటుడి పెదవి, గాయకుడి ఊపిరి అన్నీ చూసుకోవాలి. అవతల సెట్టు వేసి ఉంటుంది. ఈ ఒత్తిడి కొందరికి కలిసొచ్చింది, కొందర్ని నలిపింది. ఆత్రేయ రాయక నిర్మాతల్ని ఏడిపిస్తాడని, రాసి ప్రేక్షకుల్ని ఏడిపిస్తాడని పరిశ్రమలో ఒక మాట పుట్టి ఆయన పేరుతో పాటు నిలిచిపోయింది. నిర్మాతలు హోటల్ గదులకు అద్దె కట్టుకుంటూ కాచుక్కూర్చునేవారు. అంతా తిట్టుకున్నారు, అయినా మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చారు.

కాగితమే లేనివాడి సంగతేమిటి? నిజాం ప్రభుత్వం దాశరథి కృష్ణమాచార్యను నిజామాబాదు జైల్లో పెట్టింది. కలం లేదు, కాగితం లేదు. పళ్ళు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గు ఉంది, ఎదురుగా గోడ ఉంది. నిజాము మీద పద్యాలు గోడకెక్కాయి. అధికారులు తుడిపిస్తే మళ్ళీ రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి ఆ పద్యాలకు తోడు నిలిచారు. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. గోడ మీద రాసింది సున్నం కింద పోతుంది. అయినా పద్యం పోలేదు. తాటాకు నాటి ఛందస్సు ఇక్కడ మళ్ళీ అక్కరకొచ్చింది, నోటికొచ్చింది ఎవరు తుడవగలరు?

కెన్యా రచయిత గూగీ వా థియాంగోను 1977 డిసెంబరు 31న అరెస్టు చేశారు. కమిటి జైల్లో ఆయనకు దొరికింది టాయిలెట్ కాగితం. ఖైదీలను బాధపెట్టాలని గరుకు రకం ఇచ్చేవారని, రాయడానికి మాత్రం ఆ గరుకే బాగా పనికొచ్చిందని ఆయన తర్వాత రాశారు. గికుయు భాషలో మొత్తం నవల ఆ కాగితం మీదే రాశారు. ఒకసారి సోదాలో అంతా పట్టుకుపోయి, కొన్ని వారాలకు తిరిగి ఇచ్చారు. 1980లో నవల అచ్చయింది. అదే దశాబ్దంలో సికింద్రాబాదు జైల్లో ఉన్న వరవరరావు ఆ నవలను తెలుగు చేశారు. ‘మట్టికాళ్ళ మహారాక్షసి’ అనే ఆ అనువాదం ఒక జైలులో పుట్టిన పుస్తకానికి ఇంకో జైలులో జరిగిన రెండో పుట్టుక.

గాంధీకి 1909లో కాగితం పుష్కలంగా దొరికింది, చెయ్యే చాల్లేదు. లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు వెళ్ళే కిల్డోనన్ కాసిల్ ఓడలో, ఓడవాళ్ళ కాగితాల మీదే, నవంబరు 13 నుంచి 22 దాకా పదిరోజుల్లో ‘హింద్ స్వరాజ్’ రాశారు. రాతప్రతి 275 పేజీలు. కుడిచెయ్యి పీకితే ఎడమచేత్తో రాశారు, అలా రాసినవి 40 పేజీలు. ఈ సంగతి మనకు తెలియడానికి కారణం ఒక్కటే, ఆ రాతప్రతిని ఎవరో భద్రపరిచారు.

రాయడంలో సగం తిరగరాయడమే. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది. ఆయన అంతటితో తృప్తిపడలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. మనం ఇవాళ గిరీశం, మధురవాణి అని ముచ్చటపడేది ఈ రెండో గిరీశాన్నీ రెండో మధురవాణినీ చూసే. ఒకసారి పేరు తెచ్చిన నాటకాన్ని పన్నెండేళ్ళ తర్వాత పట్టుకుని మళ్ళీ కట్టిన మనిషి తెలుగులో ఇంకొకరు కనిపించడం కష్టం. టాగోర్ కొట్టివేతలది ఇంకో వింత. కొట్టేసిన పంక్తులను ఊరికే వదలక గీతలతో కలిపి పక్షులుగా, వింత జంతువులుగా మార్చేవారు. ఆ గీతల్లోంచే అరవైల వయసులో ఆయనలోని చిత్రకారుడు బయటపడ్డాడు.

యంత్రం చేతికొచ్చాక ఏం మారింది? అమెరికా నవలాకారుడు కార్మాక్ మెకార్తీ దాదాపు అర్ధశతాబ్దం ఒకే ఒలివెట్టి టైపురైటరు మీద నవలలు కొట్టాడు. 2009లో వేలం వేస్తే అది 2,54,500 డాలర్లు పలికింది. ఆయన మాత్రం అదే రకం పాత మిషను ఇంకోటి 20 డాలర్ల లోపే సంపాదించుకుని పనిలో పడ్డాడు. జార్జి ఆర్.ఆర్. మార్టిన్ నేటికీ డాస్ కంప్యూటర్‌లో వర్డ్‌స్టార్ వాడతానని 2014లో టీవీలో చెప్పి జనాన్ని నవ్వించాడు. తెలుగుకు టైపురైటరు సుఖం పెద్దగా దక్కలేదు. గుణింతాలు, వత్తులు అన్నీ కలిపితే ఆ కొద్దిపాటి మీటల మీద పట్టవు. అందుకే ఇంగ్లిషు రచయితలు టైపు కొడుతున్న రోజుల్లో మనవాళ్ళు కలాలతోనే ఉన్నారు. డీటీపీ వచ్చి, అను ఫాంట్లు వచ్చినా అవి ఆపరేటర్ల చేతుల్లోనే ఉండిపోయాయి. రచయిత సొంతంగా తెలుగు కొట్టడం అమెరికాలో చదువుకునే తెలుగు కుర్రాళ్ళు ఇంగ్లిషు అక్షరాల్తో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి తయారుచేశాక ఊపందుకుంది. 1998 దీపావళికి మొదలైన ‘ఈమాట’ వెబ్ పత్రిక ఆ తరం ఉత్సాహంలోంచి వచ్చిందే. తర్వాత యూనికోడ్, ‘లేఖిని’ వంటి సాధనాలు పల్లెటూళ్ళలో ఉన్నవాళ్ళకూ ఆ దారి తెరిచాయి.

2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగును చేర్చింది. అప్పణ్ణుంచి గురునాథుడు జేబులోకి వచ్చాడు. బస్సులో కూర్చుని, పొలం గట్టు మీద నడుస్తూ ఫోనుకు కథ చెప్పేవాళ్ళు ఇప్పుడు తెలుగులో చాలామందే ఉన్నారు. వేళ్ళు సహకరించని పెద్దవాళ్ళకు అది వరం. చిక్కల్లా ఏమిటంటే ఈ లేఖకుడు అర్థం తెలుసుకుని రాయడు. పాత్ర తన యాసలో మాట్లాడబోతే దాన్ని పత్రికల భాషలోకి దిద్దడానికి చూస్తాడు. యాసలో కథలు రాసేవాళ్ళకు చెప్పినదానికంటే దిద్దుకునేది ఎక్కువవుతోంది.

ఇంకో నష్టం నెమ్మదిగా జరుగుతోంది. తెర మీద రాసిన కథకు కొట్టివేతలు మిగలవు. అగాథా క్రిస్టీ పోయాక దొరికిన 73 నోటుబుక్కుల్లో హత్యల పథకాల పక్కనే బజారు సామాన్ల జాబితాలున్నాయి. వాటిని చదివి జాన్ కరన్ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు, ఏ నవలలో హంతకుడు మొదట ఎవరో, చివరకు ఎవరయ్యారో తేల్చాడు. మన రచయితల విషయంలో అలాంటి పని చేద్దామంటే రాతప్రతులేవి? ప్రెస్సుకెళ్ళిన కాగితాలు ప్రెస్సులోనే పోయాయి. ఇంట్లో మిగిలినవి ఇల్లు మారినప్పుడు పాతకాగితాలవాడి తక్కెడ ఎక్కాయి. సి.పి. బ్రౌన్ కడప బంగళాలో పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి తాటాకు ప్రతులు తిరగరాయించకపోతే పాత కావ్యాలు మరెన్ని పోయేవో. 1981లో గూటాల కృష్ణమూర్తి శ్రీశ్రీ చేత ఆయన దస్తూరీలోనే ‘మహాప్రస్థానం’ రాయించి లండన్‌లో అచ్చు వేశారు కాబట్టి ఆ చేతిరాత మనకు మిగిలింది. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి, అచ్చయిన కథలు ఎక్కడున్నా పోగుచేయడానికి తన చివరి ఏళ్ళు వెచ్చించారు. అచ్చుకు ముందరి కాగితాలకు అంత పట్టుదలగల ఇల్లు ఇంకా రావలసి ఉంది.

మీ ఇంట్లో తాతగారో, అమ్మమ్మగారో, పెదనాన్నగారో పత్రికలకు కథలు, పద్యాలు, నాటకాలు రాసినవాళ్ళుంటే అటక మీది ట్రంకుపెట్టె ఒకసారి దింపి చూడండి. నోటుపుస్తకాలు, తిరుగు టపాలో వచ్చిన కథలు, సంపాదకుల ఉత్తరాలు ఏవి దొరికినా తూకానికి వెయ్యకండి. ఫోనుతో పేజీ పేజీకీ ఫొటో తీసి ఉంచి, అసలు ప్రతిని దగ్గర్లోని విశ్వవిద్యాలయం తెలుగు శాఖకో, పేరున్న గ్రంథాలయానికో అప్పగించి రసీదు తీసుకోండి.